ఆర్‌ఏ పాజిటివ్ అని వచ్చింది, ఇక కీళ్లవాతమేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (పొట్టిగా ఆర్‌ఏ), రక్తపరీక్షల గురించే. రిపోర్టు ఫొటో పంపి "ఇది ఎక్కువా తక్కువా చెప్పండి చాలు" అని ఒక్క ముక్క రాసినవాళ్లూ ఉన్నారు. అంకె ఒక్కటే చూసి నేను జవాబు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో కింది జవాబుల్లో తెలుస్తుంది. పేర్లు తీసేశాను, ఉత్తరాలు కొంచెం కుదించాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. రెండు నెలలుగా మోకాళ్లు, నడుము నొప్పి. మెట్లెక్కితే ఎక్కువవుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. రక్తపరీక్ష చేయిస్తే ఆర్‌ఏ ఫ్యాక్టర్ 34 వచ్చింది, 20 లోపు ఉండాలట. ఒంట్లో వాపు చెప్పే ఈఎస్‌ఆర్ పరీక్ష 16. ఇంటర్నెట్‌లో చూస్తే వేళ్లు వంకర్లు పోయిన ఫొటోలు కనిపించాయి, అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. నాకు కీళ్లవాతం వచ్చేసినట్టేనా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లా లేదమ్మా. ఆ ఫొటోలు చూడటం ముందు ఆపేయండి. అవి సరైన మందులు లేని రోజుల్లో, ఏళ్ల తరబడి వైద్యం అందనివాళ్ల చేతులు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ అన్న పేరే ఇంత భయానికి కారణం. జబ్బు పేరే పరీక్షకీ ఉండటంతో, పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టే అనుకుంటారు. నిజానికి అది మన ఒంట్లో రోగాలతో పోరాడే యాంటీబాడీల మీదకే తిరగబడే మరో యాంటీబాడీ, అంతే. 1940లో వాలర్ అనే నార్వే శాస్త్రవేత్త, ఆ తర్వాత 1948లో అమెరికాలో రోజ్ దాన్ని గుర్తించారు. కీళ్లవాతం ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతం మందిలో ఇది కనిపిస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా నూటికి ఐదుగురి దాకా కనిపిస్తుంది, వయసు పైబడేకొద్దీ ఇంకా ఎక్కువమందిలో. హెపటైటిస్ సి, క్షయ, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బు, ఇలా చాలావాటిలో పాజిటివ్ వస్తుంది.

ఒక చిన్న లెక్క చెప్తాను, నా దగ్గరికి వచ్చేవాళ్లకి కాగితం మీద వేసి చూపించేది ఇదే. దారిన పోయే 1000 మందిని ఆపి ఈ పరీక్ష చేశామనుకోండి. కీళ్లవాతం నూటికి ఒకరికి అనుకున్నా, ఆ వెయ్యిలో 10 మందికి జబ్బు ఉంటుంది, వాళ్లలో 7 మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేని 990 మందిలో నూటికి ఐదుగురి చొప్పున దాదాపు 50 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 57 మందిలో జబ్బున్నది ఏడుగురికే! అందుకే సరైన లక్షణాలు లేకుండా ఈ పరీక్ష రాయకూడదని నేను గట్టిగా అంటాను. దీనివల్ల అనవసరంగా ఎంతమందికి నిద్ర పట్టకుండా పోతోందో చూస్తున్నాను కదా.

మరి సరైన లక్షణాలంటే ఏవి? చేతివేళ్ల మొదటి, మధ్య కణుపులు, మణికట్లు, కాలివేళ్ల మొదళ్లు, ఇలాంటి చిన్న కీళ్లు మెత్తగా వాస్తాయి. చాలాసార్లు రెండు వైపులా. పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోయి, అవి వదులవడానికి అరగంట, గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కదిలేకొద్దీ తేలికవుతుంది. మీకు జరుగుతున్నది దీనికి పూర్తిగా ఎదురు: పని చేస్తే పెరుగుతోంది, కూర్చుంటే తగ్గుతోంది. పైగా ఈ జబ్బు నడుము జోలికి సాధారణంగా రాదు, మెడ దగ్గరి ఎముకలకు రావచ్చు గానీ. మోకాళ్ల అరుగుదల, కండరాల బలహీనత లాంటివి ముందు చూపించుకోండి. ఒకసారి కరచాలనం చేసినట్టు మీ వేళ్ల మొదళ్లను అటూ ఇటూ పట్టుకుని నొక్కించుకోండి. అక్కడ నొప్పి గానీ వాపు గానీ ఉంటే మాత్రం కీళ్లవాతం నిపుణులైన రుమటాలజిస్టును కలవండి, వాళ్లు ఇంకా నమ్మదగిన యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష చేయిస్తారు.

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. నాలుగు నెలలుగా రెండు చేతుల వేళ్లూ మణికట్లూ వాచిపోయాయి, కాలివేళ్లు కూడా. జడ వేసుకోలేకపోతోంది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్, యాంటీ సీసీపీ నెగెటివ్, ఈఎస్‌ఆర్ కూడా నార్మల్. అయినా డాక్టరు కీళ్లవాతమే అని మెథోట్రెక్సేట్ రాశారు. పరీక్షల్లో ఏమీ లేనప్పుడు ఇంత పెద్ద మందు ఎలా వేయమంటారు? వేరే చోట చూపించమంటారా?

జవాబు: రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు బాబూ, ఎప్పుడైనా తీసుకోవచ్చు. కానీ దానికోసం మందు వాయిదా వేయకండి. మీరు రాసిన వివరాలు నిజమైతే ఆ డాక్టరు చేసింది సరైన పనే.

కీళ్లవాతం ఉన్నవాళ్లలో నూటికి 20 నుంచి 30 మందికి ఈ రెండు యాంటీబాడీలూ ఉండవు. దీన్ని సీరోనెగెటివ్ రకం అంటారు. పరీక్ష నెగెటివ్ కాబట్టి కీళ్లు ఎముక దాకా తినివేయబడవని ఎవరూ హామీ ఇవ్వలేరు.

2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక కొలమానం పెట్టాయి. కనీసం ఒక కీలుకైనా స్పష్టంగా వాపు ఉండి, దానికి వేరే జబ్బేదీ కారణం కాదని తేలాక మార్కులు వేస్తారు. మొత్తం 10, అందులో 6 వస్తే కీళ్లవాతం కింద లెక్క. ఏ కీళ్లు, ఎన్ని కీళ్లు అనేదానికి 5 మార్కుల దాకా ఉన్నాయి. ఆరు వారాలు దాటితే 1. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండింటికీ కలిపి మహా అయితే 3, అదీ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితేనే. కొంచెమే పెరిగితే 2. ఈఎస్‌ఆర్ గానీ, వాపు చెప్పే మరో రక్తపరీక్ష సీఆర్పీ గానీ పెరిగితే 1. అంటే రక్తం మొత్తం వాటా పదిలో నాలుగే. ఇక మీ అమ్మగారి విషయం చూడండి. చిన్న కీళ్లతో కలిపి పదికి మించిన కీళ్లు, దానికి 5. నాలుగు నెలలు, దానికి 1. రక్తపరీక్ష ఊసే లేకుండా ఆరు వచ్చేశాయి.

ఇలా నెగెటివ్ వచ్చినప్పుడు మాత్రం డాక్టరు ఒంటి మీద సోరియాసిస్ మచ్చలున్నాయా, గోళ్లలో గుంటలున్నాయా, ఈ మధ్య చికున్‌గున్యా లాంటి వైరస్ జ్వరం వచ్చిందా, హెపటైటిస్ బి, సి ఉన్నాయా అని మరింత జాగ్రత్తగా వెతకాలి. అనుమానం ఉంటే కీళ్లకు అల్ట్రాసౌండ్ చేస్తే లోపల పొర వాచిందో లేదో కంటికే కనిపిస్తుంది. ఇవన్నీ అడిగారా అని మీరు డాక్టర్ని అడగండి, ఏమీ అనుకోరు. మొదటి నెలల్లో మందు పడితే పనిచేసినంత బాగా ఏడాది పోయాక పడితే పనిచేయదు, ఎముక ఒకసారి తినివేయబడితే తిరిగి రాదు. అందుకే వాయిదా వద్దన్నాను.

ప్రశ్న: మేడం, నాకు ఆరేళ్లుగా కీళ్లవాతం ఉంది. మందులతో ఇప్పుడు హాయిగా ఉన్నాను, ఇంటి పనీ ఆఫీసు పనీ చేసుకుంటున్నాను. కానీ మూడు నెలలకోసారి యాంటీ సీసీపీ చేయించుకుంటే ప్రతిసారీ 200కు పైనే వస్తోంది. పోయినసారి 240, ఈసారి 290. జబ్బు లోపల పెరుగుతోందని టెన్షన్‌గా ఉంది. మందు డోసు పెంచమని అడగాలా?

జవాబు: వద్దు. ఆ పరీక్ష మళ్లీ చేయించుకోవడం కూడా వద్దు. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే టెన్షన్ ఇంకా చాలామంది రాశారు.

మన ప్రోటీన్లలో ఆర్జినిన్ అనే ఒక అమైనో ఆమ్లం ఉంటుంది. వాపు ఉన్నచోట ప్యాడ్ అనే ఎంజైమ్ దాన్ని సిట్రులిన్‌గా మారుస్తుంది. ఇది అందరి ఒంట్లోనూ జరిగేదే. కొంతమందిలో మాత్రం, ముఖ్యంగా కొన్ని రకాల హెచ్ఎల్ఏ జన్యువులు ఉన్నవాళ్లలో, రోగనిరోధక వ్యవస్థ ఆ మారిన ప్రోటీన్‌ను పరాయిదిగా పొరబడి యాంటీబాడీలు తయారు చేస్తుంది. ఆ యాంటీబాడీలను పట్టుకునేదే యాంటీ సీసీపీ పరీక్ష, 2000 తర్వాత వాడుకలోకి వచ్చింది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ కంటే ఇది చాలా నమ్మదగింది. కీళ్లవాతం కాక వేరే జబ్బులున్నవాళ్లలో కూడా దాదాపు 95 శాతం మందికి నెగెటివే వస్తుంది. జబ్బును గుర్తించడంలో, ఎవరికి ఎముకలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువో ముందే చెప్పడంలో దీనికి సాటి వచ్చే రక్తపరీక్ష మరొకటి లేదు.

అయితే అది చెప్పాల్సింది మొదటిరోజే చెప్పేసింది. ఆ తర్వాత జబ్బు తగ్గిందా పెరిగిందా అన్నది దానికి తెలియదు. కీళ్లన్నీ చల్లబడిపోయినవాళ్లలో కూడా ఏళ్ల తరబడి అది అలాగే ఉండిపోతుంది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ వైద్యంతో కొంత దిగుతుంది గానీ, దాన్ని చూసి కూడా మందు మార్చరు. 240కీ 290కీ మధ్య తేడా చాలావరకు పరీక్షలోనే వచ్చే హెచ్చుతగ్గు. ఇంకో ల్యాబులో చేస్తే ఇంకో అంకె వస్తుంది.

మరి జబ్బు ఇప్పుడెలా ఉందో ఎలా తెలుస్తుంది? మీ డాక్టరు చేతులతో తెలుస్తుంది. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్లు, మోకాళ్లు కలిపి 28 కీళ్లను ఒక్కొక్కటిగా నొక్కి, ఎన్ని నొప్పిగా ఉన్నాయి, ఎన్ని వాచాయి అని లెక్కపెట్టాలి. మీకెలా ఉందో మీరే ఒక మార్కు వేయాలి. దానికి ఈఎస్‌ఆర్ గానీ సీఆర్పీ గానీ కలిపి డాస్-28 అనే స్కోరు కడతారు. 2.6 లోపు ఉంటే జబ్బు అణిగి ఉన్నట్టు, 3.2 దాకా తక్కువ, 5.1 దాటితే తీవ్రం. అసలు రక్తపరీక్షే లేకుండా కట్టే సీడాయ్ అనే స్కోరు కూడా ఉంది, అందులో 2.8 లోపు ఉంటే అణిగినట్టు. మీ కీళ్లను ముట్టుకోకుండా రిపోర్టు మాత్రమే చూసి చీటీ రాస్తుంటే "ఒకసారి కీళ్లు చూడండి" అని అడగండి, అది మీ హక్కు.

ఈఎస్‌ఆర్, సీఆర్పీలకు కూడా వాటి లోపాలు వాటికున్నాయి. ఈఎస్‌ఆర్ అంటే నిలువు గొట్టంలో రక్తం పోసి గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూడటం. ఇది వందేళ్ల నాటి పద్ధతి. రక్తం తక్కువున్నా, వయసు పెరిగినా, ఏ చిన్న ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. ఆడవాళ్లలో వయసుకు పది కలిపి సగం చేస్తే వచ్చే అంకె దాకా మామూలే అని ఒక మోటు లెక్క, మగవాళ్లలో వయసులో సగం. అంటే 60 ఏళ్ల ఆమెకు 35 వచ్చినా కంగారు లేదు. సీఆర్పీ కాలేయంలో తయారవుతుంది, వాపు మొదలైన కొద్ది గంటల్లోనే ఎక్కుతుంది, వాపు తగ్గితే ఒకట్రెండు రోజుల్లో దిగడం మొదలవుతుంది, అందుకే ఈ రోజు పరిస్థితి చెప్పడానికి అదే మెరుగు. లావుగా ఉన్నవాళ్లలో అదీ కొంచెం పెరిగే ఉంటుంది. కీళ్లు వాచి ఉన్నా ఈ రెండూ నార్మల్‌గా ఉండేవాళ్లు కూడా తక్కువేమీ లేరు.

హాయిగా ఉన్నానని రాశారు, చాలా సంతోషం. కనీసం ఆరు నెలలు అలాగే నిలకడగా ఉంటే డోసు కొంచెం తగ్గించే ఆలోచన మీ డాక్టరుతో మాట్లాడవచ్చు. మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న: మా నాన్నగారికి టోసిలిజుమాబ్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. సీఆర్పీ 60 నుంచి దాదాపు సున్నాకి వచ్చింది, అందరం సంబరపడ్డాం. కానీ ఆయన మణికట్టు ఇంకా వాచే ఉంది. పోయిన వారం దగ్గు, జ్వరం వస్తే సీఆర్పీ చేయించాం, నార్మల్ వచ్చింది కాబట్టి ఇన్ఫెక్షన్ లేదని ఊరుకున్నాం. సరైనదేనా?

జవాబు: కాదండీ. ఇది చదివేసరికి ఆయనకు ఇంకా జ్వరం గానీ దగ్గు గానీ ఉంటే ఈ రోజే డాక్టరుకు చూపించండి, ఛాతీ ఎక్స్‌రే తీయించండి, తర్వాతి ఇంజెక్షన్ డాక్టరు చెప్పేదాకా ఆపండి.

కాలేయం సీఆర్పీని తయారు చేసేది ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం అందినప్పుడు. టోసిలిజుమాబ్ చేసే పనే ఆ సంకేతాన్ని అడ్డుకోవడం. సంకేతమే అందకపోతే కాలేయం సీఆర్పీని ఎక్కడినుంచి చేస్తుంది? గంట తీగ కోసేసి, గంట మోగలేదు కాబట్టి గుమ్మంలో ఎవరూ లేరనుకుంటే ఎలా? న్యుమోనియా వచ్చినా ఈ మందు వాడేవాళ్లలో సీఆర్పీ పెరగకపోవచ్చు, జ్వరం కూడా పెద్దగా రాకపోవచ్చు. ఇదే రకం మందు సారిలుమాబ్‌తోనూ ఇంతే. టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ లాంటి జాక్ మాత్రలు వాడేవాళ్లలో కూడా కొంతవరకు ఇదే సమస్య.

కీళ్ల విషయంలోనూ అదే. సీఆర్పీ కలిపి కట్టే డాస్ స్కోరు ఈ మందులతో అసలు కంటే బాగా కనిపిస్తుంది. ఆయన మణికట్టు వాచి ఉందంటే జబ్బు ఇంకా అక్కడ ఉన్నట్టే, సున్నా వచ్చిందని డాక్టరు వదిలేయకూడదు. ఈ మందు వాడేవాళ్లకు తెల్లకణాలు, కాలేయం, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా మధ్యమధ్యలో చేయాలి, అవి జరుగుతున్నాయో లేదో కనుక్కోండి. వేరే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరు దగ్గరికైనా సరే, ఈ ఇంజెక్షన్ పేరు ముందే చెప్పాలి. కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టండి.

ప్రశ్న: మెథోట్రెక్సేట్ మొదలుపెట్టి రెండు నెలలైంది. ప్రతి రెండు వారాలకో నెలకో రక్తం తీస్తూనే ఉన్నారు. కీళ్లు తగ్గుతున్నాయి కదా, ఇంకా ఇన్ని పరీక్షలెందుకు? ఈసారి ఎస్‌జీపీటీ 58 వచ్చింది, 40 లోపు ఉండాలని రాసుంది. కాలేయం పాడైపోతుందని ఇంట్లో మందు మానేయమంటున్నారు.

జవాబు: ఇవి జబ్బు కోసం చేసే పరీక్షలు కావు, మందు కోసం చేసేవి. చాలామంది రెండింటినీ ఒకే గాటన కట్టి, కీళ్లు తగ్గాయి కాబట్టి పరీక్షలు అక్కర్లేదనుకుని మానేస్తారు, అది ప్రమాదం. మెథోట్రెక్సేట్ రక్తకణాల తయారీని తగ్గించవచ్చు, కాలేయాన్ని ఇబ్బంది పెట్టవచ్చు, మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే ఒంట్లో పేరుకుపోవచ్చు. అందుకే రక్తకణాల లెక్క, కాలేయానికి ఎస్‌జీపీటీ, మూత్రపిండాలకు క్రియాటినిన్, ఈ మూడూ చూస్తారు. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి, ఆరు నెలలు దాటి అంతా సవ్యంగా ఉంటే మూడు నెలలకోసారి చాలు.

58 అంటే పరిమితికి ఒకటిన్నర రెట్లు కూడా లేదు, దానికి మందు మానక్కర్లేదు. డాక్టరుకు చూపించి మళ్లీ చేయించుకోండి. మూడు రెట్లు దాటితే సాధారణంగా ఆపి కారణం వెతుకుతారు. ఇంకో మాట, మాత్ర వేసుకున్న మర్నాడో ఆ మర్నాడో రక్తం ఇస్తే ఎస్‌జీపీటీ తాత్కాలికంగా ఎక్కువ చూపిస్తుంది. తర్వాతి డోసుకు ఒకట్రెండు రోజుల ముందు ఇవ్వండి. మద్యం అలవాటుంటే మానండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర రాసిచ్చి ఉంటారు, అది మరిచిపోకండి.

మీరు అడగకపోయినా చెప్తున్నాను, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. ఏ రోజో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదకు తెచ్చుకున్నవాళ్లున్నారు. నోట్లో పుండ్లు, జ్వరం, ఆగని పొడి దగ్గు, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా తర్వాతి పరీక్ష తేదీ కోసం ఆగకుండా వెంటనే డాక్టరును కలవండి.

ప్రశ్న: మా అక్కకు కీళ్లవాతం ఉందని నేనూ సీసీపీ చేయించుకున్నాను. పాజిటివ్! నాకు ఏ నొప్పీ లేదు. వయసు 33. ఇప్పుడే మందులు మొదలుపెడితే రాకుండా ఆపొచ్చా?

జవాబు: అక్కకో తల్లికో ఉంటే మనకు వచ్చే అవకాశం మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువే, కానీ తోబుట్టువుల్లో ఎక్కువమందికి రాదు. యాంటీబాడీ మాత్రం జబ్బుకు ఏళ్ల ముందే రక్తంలోకి రావచ్చు. నెదర్లాండ్స్‌లో రక్తదానం చేసినవాళ్లలో తర్వాత కీళ్లవాతం వచ్చినవారి పాత రక్తం తీసి పరీక్షిస్తే, లక్షణాలకు సగటున నాలుగైదేళ్ల ముందే, కొందరిలో పదేళ్లకు పైగా ముందే అది కనిపించింది. యాంటీబాడీ ఉండి ఎప్పటికీ జబ్బు రానివాళ్లూ ఉన్నారు.

నొప్పే లేనివాళ్లకు ఇవ్వదగిన మందు ఇప్పటికైతే లేదు. యాంటీబాడీలతో పాటు కీళ్లనొప్పులు కూడా మొదలై, ఇంకా పూర్తి జబ్బు రానివాళ్లకు అబాటసెప్ట్ అనే మందు ఇచ్చి చూసిన రెండు అధ్యయనాలు 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మందు ఇస్తున్నంతకాలం జబ్బు రావడం బాగా తగ్గింది, ఆపాక కొందరిలో మళ్లీ వచ్చింది. అంటే వాయిదా వేయగలిగారు, ఆశ కలిగించే విషయమే, కానీ అది మీలాంటివారికి కాదు.

మీ చేతిలో ఉన్నవి చెప్తాను. పొగ తాగే అలవాటుంటే ఈ రోజే మానేయండి. జన్యువుల తర్వాత బాగా రుజువైన కారణం అదే, ఊపిరితిత్తుల్లో సిట్రులిన్ మార్పును పెంచేది ఆ పొగే. చిగుళ్ల జబ్బుకు కారణమయ్యే ఒక బ్యాక్టీరియాకు సొంతంగా ప్యాడ్ ఎంజైమ్ ఉంది, అందుకే చిగుళ్లు బాగా చూసుకోండి. బరువు అదుపులో పెట్టుకోండి. ఏ రోజైనా వేళ్లు పొద్దున బిగుసుకుని అరగంటైనా వదలకపోతే, ఉంగరం పట్టనంతగా కణుపు వాస్తే, ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లి ఈ పాత రిపోర్టు చూపించండి. అప్పుడు అది మీకు నిజంగా పనికొస్తుంది. ఏ నొప్పీ లేని మీ పిల్లలకు మాత్రం ఈ పరీక్ష చేయించకండి, దయచేసి.

ప్రశ్న: ఈ పరీక్షలకు పరగడుపున వెళ్లాలా? ఏఎస్ఓ కూడా చేయించమన్నారు, అదేంటి?

జవాబు: పరగడుపు అక్కర్లేదు. ఏఎస్ఓ అనేది గొంతులో వచ్చే ఒక బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తాలూకు గుర్తు, పిల్లల్లో రుమాటిక్ జ్వరం అనుమానం ఉన్నప్పుడు చేస్తారు. రుమటాయిడ్, రుమాటిక్ పేర్లు కలవడం వల్ల వచ్చిన గందరగోళం తప్ప పెద్దవాళ్ల కీళ్లవాతానికీ దానికీ సంబంధం లేదు. జుట్టు కోసం బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే ల్యాబులో ముందే చెప్పండి, కొన్ని యంత్రాల్లో అంకెలు తప్పు వస్తాయి. ఈఎస్‌ఆర్, సీఆర్పీ లాంటివి ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించుకుంటే పాత అంకెతో పోల్చుకోవడం సులువు.

ప్రశ్న: పన్నెండు ప్రోటీన్లు ఒకేసారి చూసి జబ్బు ఎంతుందో ఒకే అంకెలో చెప్పే పరీక్ష ఉందని చదివాను. అది చేయించుకుంటే డాక్టరు కీళ్లు చూడక్కర్లేదా?

జవాబు: ఉంది, విదేశాల్లో వాడుతున్నారు. ఇంటర్‌ల్యూకిన్-6, సీఆర్పీ, మృదులాస్థిని కరిగించే ఎంజైములు, ఇలా 12 కొలిచి 1 నుంచి 100 మధ్య అంకె ఇస్తుంది, 44 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. ఎముకలు దెబ్బతినే ప్రమాదం ఎవరికి ఎక్కువో చెప్పడంలో కొంత ఉపయోగముంది. కానీ అందులోనూ సీఆర్పీ, ఇంటర్‌ల్యూకిన్-6 ఉన్నాయి కాబట్టి పైన టోసిలిజుమాబ్ గురించి చెప్పిన చిక్కు ఇక్కడా వస్తుంది. కీళ్లు చూడటానికి బదులుగా వాడే పరీక్ష కాదు. నాకు నిజంగా కావాల్సిన రక్తపరీక్ష వేరే ఉంది: ఈ మనిషికి ఏ మందు పనిచేస్తుందో మొదటిరోజే చెప్పేది. ఇప్పుడు ఒక మందు ఇచ్చి మూడు నెలలు చూసి, పనిచేయకపోతే ఇంకోటి ఇస్తున్నాం, ఆ నెలలన్నీ ఆ మనిషి నొప్పితోనే గడుపుతున్నారు. యాంటీబాడీలు బాగా ఎక్కువున్నవాళ్లకు రిటుక్సిమాబ్ అనే మందు కొంచెం మెరుగ్గా పనిచేస్తుందన్నది తప్ప ఆ దారిలో మనకు పెద్దగా ఆధారం దొరకలేదు.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, ఐదో నెల గర్భం. కీళ్లవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒక్కటే వాడుతున్నాను. నొప్పులు లేవు కానీ ఈఎస్‌ఆర్ 62 వచ్చింది. మందు పెంచాలా? బిడ్డకు ఏమైనా అవుతుందా?

జవాబు: గర్భంతో ఉన్నప్పుడు ఈఎస్‌ఆర్ దానంతటదే పెరుగుతుంది తల్లీ, 62 అంటే కంగారు పడాల్సింది కాదు. ఈ నెలల్లో జబ్బును ఈఎస్‌ఆర్‌తో కొలవకూడదు. కీళ్లు చూడాలి, రక్తపరీక్షే కావాలంటే సీఆర్పీ కొంత నయం. హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో వాడదగిన మందే, మీ అంతట మీరు ఆపకండి. ఈ కాలంలో చాలామందికి కీళ్లవాతం తనంతట తానే శాంతిస్తుంది, మీకూ అదే జరుగుతున్నట్టుంది. కాన్పు తర్వాత మొదటి కొన్ని నెలల్లో మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ, సరిగ్గా బిడ్డను ఎత్తుకోవాల్సిన రోజుల్లో. అందుకని కాన్పైన ఆరు వారాలకు రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. అప్పుడు మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టమంటే, పాలిస్తున్నానని తప్పకుండా చెప్పండి, పాలిచ్చే తల్లులకు అది పనికిరాదు, వేరేవి ఉన్నాయి.